ఆట మానేసిన బిడ్డ



తల్లిదండ్రుల కూడికలకు వెళ్లినప్పుడు మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది. "మావాడు ఫోను వదలడం లేదండీ. తిట్టాము, కొట్టాము, లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాము. ఏం చేసినా మారడం లేదు. ఏం చేయమంటారు?" అని. జవాబు చెప్పకముందు మేము కూడా ఒక ప్రశ్న అడుగుతాము. "ఈ ఫోను పిచ్చి పట్టకముందు మీవాడు సాయంకాలం ఏం చేసేవాడు?" ఆ తల్లో తండ్రో కాసేపు ఆలోచించి, "బడి నుంచి రాగానే సంచి పడేసి ఆడుకోవడానికి పరుగెత్తేవాడండీ. ఆరో తరగతికి వచ్చాక మానేశాడు" అంటారు. "ఎందుకు మానేశాడు?" అని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు.

ఈ నెల మనం ఆలోచించవలసింది ఆ జవాబు లేని ప్రశ్న గురించే. ఆట మీద ఆసక్తి, తోటి పిల్లల వేధింపు, ఫోనులో వీడియో ఆటలు – ఇవి మూడూ వేరు వేరు సంగతులుగా మనకు కనబడతాయి. మొదటిది డ్రిల్లు మాస్టారి పని, రెండవది హెడ్మాస్టారి పని, మూడవది ఇంట్లో రోజూ జరిగే గొడవ అనుకుంటాము. కాని చాలామంది బిడ్డల విషయంలో ఈ మూడూ ఒకే తాడుకు పడిన మూడు ముడులు. చివరి ముడిని మాత్రమే పట్టుకుని లాగితే అది విడదు సరికదా, మరింత బిగుసుకుంటుంది.

బిడ్డ ఎందుకు ఆడతాడు?

చిన్న బిడ్డను ఎవరూ ఆడుకోమని చెప్పనక్కరలేదు. మట్టి కనబడితే చాలు, ఆట మొదలవుతుంది. మరి అదే బిడ్డకు పన్నెండేళ్లు వచ్చేసరికి ఆ కోరిక ఎక్కడికి పోతుంది?

అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు మనిషికి లోపలి నుంచి పుట్టే ఆసక్తి గురించి ఎన్నో ఏళ్లు పరిశోధన చేశారు. వారు చెప్పిన సారాంశం ఇది. మనిషి మనసుకు మూడు అవసరాలున్నాయి. ఇది నేను ఇష్టపడి చేస్తున్నాను అనే స్వేచ్ఛ ఒకటి. నాకు ఇది చేతనవుతున్నది అనే ధైర్యం రెండవది. నావాళ్ల మధ్య నేను ఉన్నాను అనే ఆప్యాయత మూడవది. ఈ మూడూ దొరికిన చోట ఎవరూ తరమకుండానే మనిషి పని చేస్తాడు, బిడ్డ ఆడతాడు. ఇవి దొరకని చోట బహుమతులు చూపినా, బెత్తం చూపినా ఆసక్తి నిలవదు.

బహుమతి సంగతి కూడా చూడండి. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడమంటే ఎంతో ఇష్టపడే చిన్నపిల్లలను ఎంచుకున్నారు. వారిలో కొందరికి "మీరు బొమ్మ గీస్తే బహుమతి ఇస్తాము" అని ముందుగా చెప్పి, ఇచ్చారు. ఒకటి రెండు వారాల తరువాత పిల్లలందరి ముందూ మళ్లీ ఆ రంగు పెన్నులు పెట్టి చూశారు. ముందే మాట ఇచ్చి బహుమతి ఇచ్చిన పిల్లలు, మిగతా పిల్లలతో పోలిస్తే దాదాపు సగం సమయమే గీశారు. వారికి బొమ్మ గీయడం ఆట కాకుండా కూలిపని అయిపోయింది. మనం కూడా "ఫస్టు వస్తే సైకిల్ కొంటాను, ఓడిపోయి వస్తే ఇంటికి రాకు" అన్నప్పుడు చేస్తున్నది ఇదే.

రెండు రకాల ఆటస్థలాలు

పిల్లల ఆటలను పరిశీలించినవారు ఆటస్థలంలో రెండు రకాల వాతావరణం ఉంటుందని చెబుతారు. ఒక చోట మాస్టారు, "నిన్నటి కంటే ఈరోజు ఎంత దూరం దూకావు?" అని అడుగుతాడు. బిడ్డ తనను తనతోనే పోల్చుకుంటాడు. చేతకానివాడికి కూడా వంతు వస్తుంది. తప్పు చేస్తే నేర్పుతారు. మరొక చోట, "వాడు చూడు, నువ్వు చూడు" అనే మాటే వినిపిస్తుంది. గెలిచినవాడికే మెప్పు. బంతి వదిలేసినవాడిని మాస్టారే వెక్కిరిస్తాడు, మాస్టారి వెంట తరగతి అంతా నవ్వుతుంది.

మొదటి చోట ప్రక్కవాడు తోడు. రెండవ చోట ప్రక్కవాడు అడ్డు. తనవల్ల జట్టు ఓడిపోతుందని భయపడే పిల్లల మధ్య, బలహీనుడైన ఒక్కడిని చూసి కసి తీర్చుకోవడం ఎంతో సులభమవుతుంది. స్పెయిన్‌లోని గ్రనాడా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇటీవలి సంవత్సరాలలో విద్యార్థులను ఈ విషయాలు అడిగి చూశారు. నేనే గొప్ప అనిపించుకోవాలనే వాతావరణంలో ఆడేవారిలో, వీడియో ఆటలను హద్దు మీరి ఆడే అలవాటు కొంత ఎక్కువగా కనబడింది. ఇలాంటి అధ్యయనాలు ఒకటి మరొకదానికి కారణమని రుజువు చేయవు. రెండూ కలిసి కనబడుతున్నాయని మాత్రమే చెబుతాయి. అయినా మన కళ్లు తెరవడానికి అది చాలు.

జట్లు వేసే విధానమే చూడండి. ఇద్దరు నాయకులు నిలబడి ఒక్కొక్కరినే పిలుచుకుంటారు. చివరికి ఒకడు మిగులుతాడు. "వీడు మాకొద్దు, మీరే తీసుకోండి" అంటారు. మనకు అది అర నిమిషం ముచ్చట. ఆ బిడ్డకు అది ప్రతి రోజూ అందరి ఎదుట జరిగే అవమానం. కొన్నాళ్లకు ఆటల పీరియడు రాగానే వాడికి కడుపునొప్పి వస్తుంది, కాలు బెణుకుతుంది. ఆడపిల్లల సంగతి మరీ కష్టం. పెద్దమనిషి కాగానే శరీరాన్ని గురించిన మాటలు మొదలవుతాయి. మగపిల్లల నవ్వు ఒక వైపు, "ఇంకా ఆటలేమిటే" అనే అమ్మమ్మ మాట ఒక వైపు. ఆ పిల్ల నోరు మెదపకుండా ఆట మానేస్తుంది. సిగ్గు వచ్చిందిలే అని మనం సరిపెట్టుకుంటాము.

వేళాకోళమా, వేధింపా?

"పిల్లలన్నాక ఆట పట్టించుకోరా? మేము పడలేదా?" అని కొందరు తండ్రులు అంటారు. వేళాకోళానికీ వేధింపుకూ తేడా తెలియాలి. నార్వేలో ఈ విషయాన్ని జీవితమంతా పరిశోధించిన డాన్ ఓల్వియస్ మూడు గుర్తులు చెప్పాడు. కావాలని బాధపెట్టడం, అది మళ్లీ మళ్లీ జరగడం, బాధపడేవాడు ఎదిరించలేని స్థితిలో ఉండడం. ఈ మూడూ కలిస్తే అది వేధింపే. ఇద్దరు సమానులు పోట్లాడుకుని సాయంత్రానికి కలిసిపోతే అది పోట్లాట. నలుగురు కలిసి ఒకడిని నెలల తరబడి "లావోడా", "నత్తోడా" అని పిలుస్తూ ఉంటే అది వేధింపు. కులం పేరు పెట్టి పిలిచి, "నువ్వు మా జట్టులోకి రాకు" అంటే, ఒక్కసారి జరిగినా అది వేళాకోళం కానే కాదు.

1982 చివరలో ఆ నార్వే దేశంలో ముగ్గురు మగపిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తోటి పిల్లల వేధింపే అందుకు కారణమై ఉంటుందని తెలిసి ఆ దేశం నిర్ఘాంతపోయింది. 1983లో బడులన్నిటిలో దీనికి వ్యతిరేకంగా కార్యక్రమం మొదలుపెట్టారు. బెర్గెన్ పట్టణ ప్రాంతంలోని 42 బడులలో దాదాపు 2,500 మంది పిల్లలను ఓల్వియస్ రెండేళ్లపాటు పరిశీలిస్తే వేధింపు సుమారు సగానికి తగ్గింది. పెద్దలు పూనుకుంటే ఇది తగ్గుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

ఇది ఎక్కడో దూరదేశపు సమస్య కాదు. 2019లో యునెస్కో సంస్థ ప్రకటించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు విద్యార్థులలో దాదాపు ఒకరు, గడచిన నెలలో ఒక్కసారైనా తోటివారి వేధింపుకు గురైనట్టు చెప్పారు.

చూస్తూ నిలబడేవారి సంగతి కూడా గ్రహించాలి. 2001లో కెనడాలో పరిశోధకులు బడి ఆవరణలో జరిగేది కెమెరాలతో గమనించారు. వేధింపు జరిగిన నూటికి 88 సందర్భాలలో తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. కాని వారు అడ్డుపడినది నూటికి 19 సందర్భాలలోనే. అడ్డుపడినప్పుడు మాత్రం సగానికి పైగా సందర్భాలలో పది సెకన్లలోనే ఆగిపోయింది! "ఒరేయ్, వదలండిరా వాడిని" అనే ఒక్క మాటకు అంత బలముంది. ఆ మాట అనే ధైర్యం మన బిడ్డకు మనమే నేర్పాలి.

ఫోను ఇచ్చేది ఏమిటి?

ఇప్పుడు మూడవ ముడి దగ్గరకు వద్దాము. పైన చెప్పిన మూడు అవసరాలు గుర్తున్నాయి గదా? స్వేచ్ఛ, చేతనవుతున్నదనే ధైర్యం, నావాళ్లు అనే ఆప్యాయత. 2006లో రిచర్డ్ రయన్, మరి ఇద్దరు పరిశోధకులు వీడియో ఆటలను పరిశీలించి, అవి మనుషులను అంతగా ఆకర్షించడానికి కారణం ఈ మూడింటినీ అందించడమేనని వివరించారు.

ఆలోచించి చూడండి. మైదానంలో ఎవరూ పిలవని బిడ్డను ఫోనులోని ఆట పేరు పెట్టి పిలుస్తుంది. అక్కడ వాడు నత్తివాడు కాడు, లావువాడు కాడు. తనకు నచ్చిన వేషం వేసుకుంటాడు. ఓడిపోతే నవ్వేవారు లేరు, వెంటనే మళ్లీ మొదలుపెట్టవచ్చు. ప్రతి పది నిమిషాలకూ ఒక మెట్టు ఎక్కావని మెచ్చుకుంటుంది. ఎక్కడో ఉన్న నలుగురు స్నేహితులు "రారా, నువ్వు లేకపోతే ఎలా?" అంటారు. మనం ఇవ్వనిది అది ఇస్తున్నది గనుక బిడ్డ అక్కడికి పోతున్నాడు. ఫోను లాక్కున్నప్పుడు వాడు అంతగా ఎదురు తిరగడానికి కారణం కూడా ఇదే. మనం లాక్కున్నది ఒక వస్తువు. వాడు పోగొట్టుకున్నది తనకు గౌరవం దొరికే ఒక్కగానొక్క చోటు.

అలాగని ఫోను ఆటలను మేము వెనకేసుకు రావడం లేదు. ఆ ఓదార్పు నిలిచేది కాదు. ఆడే ఆటగాళ్లు ఎక్కువసేపు అక్కడే ఉండాలన్నది దానిని తయారుచేసినవారి వ్యాపారం. రాత్రి నిద్ర పోతుంది, పగలు చదువు పోతుంది. కూర్చున్న చోటే కూర్చోవడంతో ఒళ్లు బరువెక్కి, మైదానంలోకి వెళ్లడం మరింత కష్టమవుతుంది. వేధింపు అక్కడ కూడా వెంటాడుతుంది. ఆటలో మాట్లాడుకునే చోట బూతులు, బెదిరింపులు, గుంపు నుంచి వెళ్లగొట్టడం అన్నీ ఉన్నాయి. బడిలో వేధింపు సాయంత్రం గంటతో ఆగుతుంది, ఫోనులోనిది పడక దాకా వస్తుంది.

ఒక విషయంలో మాత్రం మనం న్యాయంగా మాట్లాడాలి. తుపాకుల ఆట ఆడితే బిడ్డ హంతకుడవుతాడని కొందరు ప్రకటిస్తుంటారు. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం 2020లో ఈ సంగతిని మళ్లీ పరిశీలించింది. అరవడం, నెట్టడం వంటి దురుసుతనంతో కొద్దిపాటి సంబంధం ఉన్నదనీ, ఘోరమైన హింసకు ఆ ఆటలే కారణమని చెప్పడానికి తగినంత ఆధారం లేదనీ తెలిపింది. ఫోనులో ఆడే ప్రతి బిడ్డా వేధింపు పాలైనవాడు కాడు, చెడిపోయినవాడూ కాడు. అరగంట ఆడి లేచి వచ్చేవాడిని చూసి కంగారుపడనక్కరలేదు.

మరి ఎప్పుడు కంగారుపడాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ వీడియో ఆటల వ్యసనాన్ని జబ్బుల పట్టికలో చేర్చింది. ఆ పట్టిక 2022 జనవరి నుండి అమలులో ఉంది. అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం జరుగుతున్నదని తెలిసినా మానలేకపోవడం – ఈ లక్షణాలు సాధారణంగా ఒక సంవత్సరంపాటు కనబడి, చదువూ ఇల్లూ పాడవుతుంటే అది జబ్బు. దానికి వైద్యం కావాలి, బెత్తం కాదు.

కల్లెడ గ్రామపు బిడ్డ

వేధింపు పాలైన బిడ్డకు ఆట ఏమి చేయగలదో మన కళ్లెదుటే ఒక సాక్ష్యం ఉంది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన దీప్తి జీవాంజి కూలి పనులు చేసుకునే కుటుంబంలో పుట్టింది. మేధోపరమైన లోపంతో పుట్టిన ఆ పిల్లను రూపాన్ని చూసి, మాట తీరు చూసి, ఊరిలో కొందరు ఎగతాళి చేసేవారు. ఇంట్లోవారు మాత్రం ఆమెను వదులుకోలేదు. బడిలో ఆమె పరుగును ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు గుర్తించాడు. తరువాత కోచ్ నాగపురి రమేష్ శిక్షణలో ఎదిగింది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి, అప్పటి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే సంవత్సరం పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది.

మన బిడ్డలందరూ పతకాలు తేవాలని మేము ఈ సంగతి చెప్పడం లేదు. ఎగతాళి చేసే పదిమంది మధ్య, "ఈ పిల్ల బాగా పరుగెడుతున్నదే" అని చూసిన ఒక్క కన్ను ఎంత మేలు చేసిందో చూడమంటున్నాము. మన బడిలో, మన వీధిలో, మన సండే స్కూలులో ఆ కన్ను ఎవరిది?

ఏడిపించేవాడు మనవాడైతే?

ఇంతవరకు చదివిన ప్రతి తల్లీ, తన బిడ్డను ఎవరో ఏడిపిస్తున్నారేమో అనుకుని ఉంటుంది. తన బిడ్డే ఇంకొకరిని ఏడిపిస్తున్నాడేమో అని ఎంతమంది అనుకున్నారు? ప్రతి ఊరిలోనూ ఏడిపించే పిల్లలున్నారు. వారందరూ ఎవరో ఒకరి బిడ్డలే.

మాస్టారు కబురు పంపినప్పుడు "మావాడు అలాంటివాడు కాడు" అని మొదటి మాటగా అనకండి. "ఏం జరిగిందో చెప్పండి" అనండి. ఇంటికి వచ్చి బిడ్డను గొడ్డును బాదినట్టు బాదకండి. బలమున్నవాడు బలహీనుడిని కొట్టవచ్చునని వాడు అప్పటికే నమ్ముతున్నాడు. మనం కొడితే ఆ నమ్మకమే బలపడుతుంది. "నీకు అలా చేస్తే ఎలా ఉంటుంది?" అని అడగండి. బాధపడిన బిడ్డ దగ్గరకు వెంటబెట్టుకుని వెళ్లి, క్షమించమని అడిగించండి. తరువాత మన ఇంటిలో వినబడే మాటలను కూడా ఒకసారి చెవిపెట్టి వినండి. పనివాడిని, కుంటివాడిని, పేదవాడిని మనం ఏ పేరుతో పిలుస్తున్నామో బిడ్డ అదే నేర్చుకుంటాడు.

మనం చేయగలిగినవి

1. అడిగే తీరు మార్చుకుందాము. "ఎవరైనా కొట్టారా?" అంటే బిడ్డ "లేదు" అంటాడు. "ఈరోజు ఎవరితో ఆడావు? జట్టులో నిన్ను ఎవరు తీసుకున్నారు?" అని ప్రక్కన కూర్చుని, పని చేసుకుంటూ అడగండి. చెప్పినప్పుడు "నువ్వు తిరిగి కొట్టలేకపోయావా?" అని సిగ్గుపరచకండి. చెప్పినందుకు మెచ్చుకోండి.

2. బడికి వెళ్లేటప్పుడు వివరాలతో వెళ్దాము. ఏ రోజు, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు అనేవి రాసుకోండి. ఎదుటి ఇంటి మీదికి పోట్లాటకు వెళ్తే అది పెద్దల గొడవ అవుతుంది, బిడ్డ కష్టం ప్రక్కకు పోతుంది. ఉపాధ్యాయులే వెక్కిరిస్తున్నా, కొడుతున్నా, 2009 విద్యాహక్కు చట్టం శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించిందని మర్యాదగా గుర్తుచేయండి. అదే చట్టం బడికి ఆటస్థలం ఉండాలని కూడా చెబుతున్నది.

3. ఆటను తిరిగి ఇద్దాము. క్రికెట్టు రాకపోతే పరుగు ఉంది, సైకిల్ ఉంది, ఖోఖో ఉంది, తాడాట ఉంది. 5 నుండి 17 ఏళ్ల బిడ్డలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మొదటి కొద్ది రోజులు మనమే తోడు వెళ్దాము. ఆడి వచ్చాక "గెలిచావా?" అని కాక "బాగా ఆడుకున్నావా?" అని అడుగుదాము. ఆడపిల్లను కూడా అలాగే పంపుదాము.

4. ఫోనుకు హద్దు పెడదాము. ఎంతసేపు, ఎప్పుడు అనేది బిడ్డతో కలిసి ముందుగా నిర్ణయించండి. ఆట మధ్యలో లాక్కోకండి, "ఇది అయ్యాక ఆపు" అని చెప్పి ప్రక్కనే నిలబడండి. రాత్రి ఫోనులన్నీ, మనవి కూడా, ఒకే చోట పెట్టండి. బ్యాంకు రహస్య సంఖ్య బిడ్డకు తెలియనివ్వకండి. డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. మామూలు ఆటలలో కూడా తుపాకులకు, దుస్తులకు డబ్బు గుంజే ఏర్పాట్లున్నాయి.

5. సంఘంలో మొదలుపెడదాము. సెలవులలో జరిగే వి.బి.ఎస్. ఆటలకు నాయకులు జట్లు కోరుకునే పద్ధతి మాని, చీటీలు తీయించండి, లేదా ఒకటి రెండు లెక్కపెట్టి విభజించండి. మొదటి ముగ్గురికే కాక, తన పాత లెక్కను తానే దాటిన బిడ్డను కూడా అందరి ఎదుట నిలబెట్టి మెచ్చుకోండి.

6. సహాయం అడగడానికి సిగ్గుపడవద్దు. బిడ్డ తిండి మాని, నిద్ర మాని, చచ్చిపోతానని అంటుంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. పిల్లల సహాయానికి 1098, మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ 14416 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చు. ఫోను, ఆటల వ్యసనానికి బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో 2014 నుండి ప్రత్యేక వైద్య విభాగం ఉంది.

తల్లిదండ్రులారా, బిడ్డ చేతిలోని ఫోను మనకు కనబడుతున్నది. వాడిని మైదానం నుంచి తరిమిన మాట మనకు వినబడలేదు. ఈ నెలలో ఒక్క సాయంత్రం, ఫోను సంగతి ఎత్తకుండా, బిడ్డ ప్రక్కన కూర్చుని ఆ మాట ఏమిటో తెలుసుకోండి. దిద్దుకోవలసిన పని అక్కడి నుండి మొదలవుతుంది.